ఒక బారకు ఎంత దూరం?

ఈత నేర్చుకుని మూడు నాలుగు నెలలైన వాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి చేతులూ కాళ్లూ ఆడిస్తున్నాను. 25 మీటర్లు దాటేసరికి గుండె దడదడలాడుతోంది, రొప్పు ఆగడం లేదు. పక్క లైన్లో 60 దాటిన పెద్దాయన సాయంత్రం షికారుకు బయల్దేరినట్టు నింపాదిగా ఈదుతూ నాకంటే ముందే గోడ తాకేస్తున్నారు. ఇదెలా?"

ఈ ప్రశ్న నన్నూ చాలాకాలం వేధించింది. నేను ఈత నేర్చింది ఊళ్లో మోటబావిలో. నడుముకు బెండ్లు కట్టి మా చిన్నాన్న గట్టు మీంచి నీళ్లలోకి దింపాడు. వారం తిరిగేసరికి బెండ్లు విప్పేశారు. ఆ వేసవి అయ్యేలోపు బావిలో ఈ దరి నుంచి ఆ దరికి వెళ్లి రావడం వచ్చేసింది. అప్పట్లో ఈత వచ్చిందంటే మునగకుండా ఉండటమే. ఇరవై ఏళ్ల తర్వాత పట్నంలో స్విమ్మింగ్ పూల్లో దిగినప్పుడు అర్థమైంది, మునగకపోవడం వేరు, ముందుకు పోవడం వేరు అని.

మన భాషలో ఈతకు సంబంధించి ఒక చక్కని మాట ఉంది: బార. చేయి చాచి నీటిని వెనక్కి తోయడాన్ని బార వేయడం అంటాం. అదే బార ఒక కొలత కూడా. రెండు చేతులూ పక్కలకు పూర్తిగా చాస్తే ఈ వేలికొస నుంచి ఆ వేలికొస దాకా ఉన్న దూరం ఒక బార. దాదాపు ఎవరి బార వాళ్ల ఎత్తంత ఉంటుంది. మోకు పొడవునూ బావి లోతునూ పెద్దవాళ్లు బారల్లో చెప్పేవారు. ఈదే పనికీ, దూరం కొలిచే పనికీ ఒకే మాట ఉండటం నాకెంతో ఇష్టం. వేగంగా ఈదడం ఎలాగన్న ప్రశ్నకు జవాబు ఆ మాటలోనే దొరుకుతుంది. నిమిషానికి ఎన్ని బారలు వేశామన్నది తర్వాతి సంగతి. ఒక్కో బారకు ఎంత దూరం కదిలామన్నది ముందు తేలాలి.

నీరు వసూలు చేసే వడ్డీ

చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి పెద్దవాళ్లతో తిట్లు తినని వాళ్లుండరు. అరచెయ్యి గాలికి అడ్డంగా పెడితే చెయ్యి వెనక్కి విసురుగా పోతుంది. అదే చేతిని పలకలా నేలకు సమాంతరంగా తిప్పితే గాలి పైనుంచీ కిందనుంచీ జారిపోతుంది. చెయ్యి అదే, బస్సు వేగమూ అదే. మారిందల్లా గాలికి మనం చూపించిన ముఖం. ఇలా కదిలే వస్తువును వెనక్కి లాగే బలాన్ని శాస్త్రజ్ఞులు డ్రాగ్ అంటారు. మనం ఎదురీడ్పు అనుకుందాం.

నీరు గాలికంటే సుమారు 800 రెట్లు చిక్కన. అందుకే నేలమీద పరుగులో దాదాపుగా పట్టించుకోని ఎదురీడ్పు నీళ్లలో సర్వాధికారి అవుతుంది. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తాడు. అంటే సగటున గంటకు 37 కిలోమీటర్ల పైమాట. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా ఈతగాడు పాన్ ఝాన్‌లె 100 మీటర్లు 46.40 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. అది గంటకు 8 కిలోమీటర్లు కూడా కాదు. మన వీధిలో సైకిలు తొక్కుకుంటూ బడికి వెళ్లే పిల్లవాడు ఆ వేగాన్ని తేలిగ్గా దాటేస్తాడు. పాన్ బలంలో లోటేమీ లేదు. నీరు అంతకంటే మరీ వేగంగా ఎవరినీ పోనివ్వదు, అంతే.

ఇక్కడే కొత్తగా ఈదేవాళ్లు తెలుసుకోవాల్సిన లెక్క ఉంది. ఎదురీడ్పు వేగంతో పాటు సమానంగా పెరగదు. అప్పు మీద చక్రవడ్డీలా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఎదురీడ్పు నాలుగు రెట్లవుతుంది. ఆ ఎదురీడ్పును ఆ వేగంతో నెట్టుకుంటూ పోవడానికి ప్రతి క్షణమూ పెట్టాల్సిన సత్తువ ఎనిమిది రెట్లవుతుంది. మీరిప్పుడు 25 మీటర్లు 40 సెకన్లలో ఈదుతున్నారనుకోండి. పద్ధతి ఏమీ మార్చకుండా, కేవలం బలం పెట్టి దాన్ని 35 సెకన్లకు తేవాలంటే సత్తువ దాదాపు ఒకటిన్నర రెట్లు కావాలి. 5 సెకన్ల కోసం గుండె, ఊపిరితిత్తులు, కండరాలు అన్నీ సగం పని అదనంగా చేయాలి. ఇంకా గట్టిగా కొడితే వేగం వస్తుందనుకునే వాళ్లు నాలుగు బారలకే ఎందుకు అలసిపోతారో ఈ లెక్కే చెబుతుంది.

25 మీటర్లు 40 సెకన్లంటే గంటకు రెండుంపావు కిలోమీటర్ల వేగం. దీన్ని గుర్తుపెట్టుకోండి. 2021 మార్చిలో హైదరాబాదుకు చెందిన గోలి శ్యామల 48 ఏళ్ల వయసులో శ్రీలంక వైపు నుంచి రామేశ్వరం వైపుకు పాక్ జలసంధిని ఈదారు. సుమారు 30 కిలోమీటర్ల దూరం, 14 గంటలకు కాస్త తక్కువ సమయం. భాగించి చూస్తే దాదాపు అదే వేగం. సముద్రంలో ప్రవాహాలు కొంత సాయం చేసి, కొంత అడ్డుపడి ఉంటాయి కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా నాకది చాలా గొప్పగా తోస్తుంది. మనల్ని ఒక్క నిమిషంలో రొప్పించే వేగాన్ని ఆవిడ దాదాపు పగలంతా నిలబెట్టుకున్నారు. ఒంటి సత్తువలో తేడా ఉంటుంది, కాదనను. కానీ అసలు తేడా ఒక్కో బారకు కట్టే వడ్డీలో ఉంది.

ఎదురీడ్పు మూడు దారుల్లో వస్తుంది. ఒకటి ఒంటి చర్మం మీద నీరు రాసుకోవడం వల్ల. కొత్తవాళ్ల విషయంలో ఇది చాలా చిన్నది, వదిలేయండి. రెండోది ఒంటి ఆకారం వల్ల. మనం నీటిని చీల్చుకుపోయినప్పుడు మన వెనక నీరు సాఫీగా కలుసుకోలేక సుడులు తిరుగుతుంది, ఆ సుళ్లు మనల్ని వెనక్కి పీలుస్తాయి. గోదావరిలో పడవలు సన్నగా పొడుగ్గా ఉండటానికీ, వరదకు ఎదురీదే పులస అటూ ఇటూ కోసుగా ఉండటానికీ కారణం ఇదే. మూడోది అలల వల్ల. పడవ ముందు నీరు ఉబ్బినట్టే మన తల ముందూ ఉబ్బుతుంది. ఆ అలను లేపడానికి ఖర్చయ్యే సత్తువంతా మన జేబులోంచే పోవాలి.

ఈ మూడో దారిని తప్పించుకున్న తీరు ఈత చరిత్రలో ఒక ముచ్చట. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జపాన్ ఈతగాడు మసారు ఫురుకావా 200 మీటర్ల కప్ప ఈతలో పోటీ చాలా భాగం నీటి అడుగునే ఈది స్వర్ణం గెలిచాడు. నీటి పైన ఉంటే అలలు లేస్తాయి, తగినంత లోతుకు వెళ్తే లేవవు. ఆ తర్వాత నియమాలు మార్చి కప్ప ఈతలో అలా ఈదడాన్ని ఆపేశారు. ఇప్పటికీ మామూలు బార ఈత, వెల్లకిల ఈత, సీతాకోకచిలుక ఈత పోటీల్లో గోడను తన్నాక 15 మీటర్ల లోపు తల పైకి రావాలన్న నియమం ఉంది. నీటి అడుగు ప్రయాణం అంత లాభసాటి అన్నమాట.

2008, 2009 ప్రాంతాల్లో పాలీయూరిథేన్ అనే పదార్థంతో చేసిన ఈత దుస్తులు వచ్చాయి. ఒంటిని గట్టిగా అదిమి నున్నగా చేసేవి. ఈతగాళ్ల కండలకు పిసరంత బలం కూడా కలపలేదు. అయినా 2009 రోమ్ ప్రపంచ పోటీల్లో 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. 2010 మొదలవుతూనే ఆ దుస్తుల్ని నిషేధించారు. ఎదురీడ్పు కొద్దిగా తగ్గితే ఎంత వేగం పుట్టుకొస్తుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ప్రయోగం ఎవరూ చేయలేదు.

మనకు ఆ దుస్తులు అక్కర్లేదు. రేపు పూల్‌కు వెళ్లినప్పుడు ఒక పని చేయండి. ఛాతీ లోతు నీళ్లలో గోడకు రెండు పాదాలూ ఆనించి, తల పైకెత్తి ముందుకు చూస్తూ, చేతులు విడివిడిగా చాచి ఒక్కసారి తన్నండి. చేతులూ కాళ్లూ ఆడించకుండా ఎంత దూరం జారారో చూసుకోండి. రెండోసారి ఒక అరచేతి మీద మరో అరచెయ్యి వేసి, జబ్బలు చెవులకు ఆనించి, చూపు నేలకు దించి, మొల లోతున నీటి కింద నుంచి తన్నండి. బాణంలా ఉండాలి. తన్నిన బలం రెండుసార్లూ ఒకటే, దూరం మాత్రం బాగా పెరుగుతుంది. వేగం పెంచుకోవడంలో మొదటి పాఠం ఇదే, దీనికి ఒక్క బార కూడా వేయనక్కర్లేదు. గోడను తన్నిన క్షణాన మీకున్న వేగం ఆ తర్వాత మీ చేతులు ఎప్పుడూ తేలేవు. చాలామంది ఆ వేగాన్ని తల ఎత్తి, చేతులు విప్పి రెండు సెకన్లలో పారబోసుకుంటారు.

ఇరుసు ఎక్కడుంది

ఎడ్లబండి తోలినవాళ్లకు ఈ భాగం విడమరిచి చెప్పక్కర్లేదు. ఇరుసుకు వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. ముందు బరువు ఎక్కువైతే ఎడ్ల మెడల మీద పడుతుంది. సరుకు అంతే ఉన్నా ఎక్కడ వేశామన్నదాన్ని బట్టి బండి నడక మారిపోతుంది.

నీళ్లలో మన ఒళ్లు కూడా బండే. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో సిరాక్యూజ్ నగరంలో ఉన్న ఆర్కిమిడీస్ చెప్పినట్టు, వస్తువు ఎంత నీటిని పక్కకు తోస్తే ఆ నీటి బరువంత బలం దాన్ని పైకి లేపుతుంది. మన ఒంట్లో ఎక్కువ తేలే చోటు ఛాతీ, అక్కడ ఊపిరితిత్తుల నిండా గాలి ఉంది కనుక. ఎక్కువ బరువున్న చోటు నడుము కింద. తేల్చే బలం ఛాతీ దగ్గర, ముంచే బరువు నడుము దగ్గర. కాబట్టి ఏ ప్రయత్నమూ చేయకపోతే కాళ్లు కిందికి దిగుతాయి. మగవాళ్లకు, సన్నగా కండపట్టి ఉన్నవాళ్లకు ఇంకా త్వరగా దిగుతాయి. కాళ్లు దిగితే ఒళ్లు వాలుగా నిలబడుతుంది, నీటికి అడ్డంగా తలుపు తెరిచినట్టే. ఆ తలుపును నెట్టుకుంటూ ఈదుతున్నాం కాబట్టే అలసిపోతున్నాం.

దీన్ని సరిచేసే పని కాళ్లకు కాదు, తలకు ఇవ్వాలి. మనిషి తల దాదాపు 5 కిలోల బరువు. నీళ్లలో ఉన్నంతసేపు ఆ బరువును నీరే మోస్తుంది. పైకెత్తగానే ఆ మోత మన మీద పడి, ఇరుసుకు అవతలి కొస, అంటే కాళ్లు, కిందికి పోతాయి. తల నీటిలోకి దించి, మెడ సడలించి, నేల మీది గీతను చూస్తూ ఈదితే నడుము తనంతట తాను తేలుతుంది. ఛాతీతో నీటిని కొద్దిగా కిందికి అదిమినట్టు అనుకుంటే ఇంకా బాగుంటుంది.

బావిలో, కాలువలో ఈత నేర్చిన మనవాళ్లందరికీ తల పైకెత్తి ఈదే అలవాటు ఉంటుంది. దాన్ని తప్పు పట్టడానికి లేదు. పై నుంచి ఎవడు దూకుతాడో చూసుకోవాలి, కాలువలో కొట్టుకొచ్చే ముళ్లకంపను తప్పించుకోవాలి, దరి ఎటుందో కనిపెట్టాలి. ప్రాణం కాపాడిన అలవాటు అది. నాకు దాన్ని వదిలించుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పటికీ కాలువలో దిగితే తల పైకే ఉంచుతాను, ఉంచాలి కూడా. అద్దంలాంటి నీళ్లున్న పూల్లో మాత్రం చూడాల్సింది కిందనున్న గీత ఒక్కటే.

తల, నడుము, మడమలు ఒక వరుసలో ఉంటే సూది దూరిన కన్నంలోంచి దారం వెళ్లినట్టు మీ తల తెరిచిన దారిలోంచే మిగతా ఒళ్లంతా వెళ్లిపోతుంది. అలా కాకుండా చెయ్యి తల ముందు నుంచి అవతలి పక్కకు దాటి పడితే ఒళ్లు పాములా మెలికలు తిరుగుతుంది. కుడిచెయ్యి కుడి భుజానికి ఎదురుగా, ఎడమచెయ్యి ఎడమ భుజానికి ఎదురుగా నీళ్లలో దిగాలి. రెండు రైలు పట్టాల మీద రెండు చేతులు.

ఊపిరి ముందు వదలాలి

కొత్తగా ఈదేవాళ్లను నెమ్మది చేసేది చాలాసార్లు చేతులు కావు, ఊపిరి. అడగండి, "గాలి చాలడం లేదు" అంటారు. నిజానికి చాలామందికి సమస్య గాలి లోపలికి రాకపోవడం కాదు, లోపలున్నది బయటికి పోకపోవడం.

ఊపిరి బిగబట్టినప్పుడు ఉక్కిరిబిక్కిరి అనిపించడానికి ముఖ్య కారణం రక్తంలో పేరుకునే బొగ్గుపులుసు వాయువు. ప్రాణవాయువు ఇంకా మిగిలే ఉంటుంది, కానీ మెదడు బొగ్గుపులుసు వాయువు పెరగడాన్ని పసిగట్టి ఇక ఊపిరి మార్చమని గోల చేస్తుంది. తల నీళ్లలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి, పైకి తిప్పిన అర సెకనులో వదలడం, పీల్చడం రెండూ చేయబోతే ఏదీ పూర్తికాదు. సగం నిండిన బిందెలో ఇంకో బిందెడు పోసినట్టు. పైగా ఛాతీ బిగుసుకుంటుంది, భుజాలు బిగుసుకుంటాయి, తలను అవసరానికి మించి ఎత్తుతాం. కాళ్లు దిగుతాయి. తలుపు మళ్లీ తెరుచుకుంటుంది.

అందుకని ముఖం నీళ్లలో ఉన్నప్పుడే ముక్కుతో, నోటితో సన్నగా బుడగలు వదులుతూ ఉండాలి. ఇది ఇంట్లో బకెట్ ముందు కూర్చుని కూడా నేర్చుకోవచ్చు: ముఖం ముంచి నాలుగు లెక్కపెట్టేదాకా బుడగలు, పక్కకు తిప్పి ఒక్క పీల్పు, మళ్లీ ముంచడం. రోజూ పూల్‌కు వెళ్లే వీల్లేని వాళ్లకు 5 నిమిషాల ఈ సాధన మేలు చేస్తుంది.

పీల్చేటప్పుడు తలను ఎత్తొద్దు, తిప్పండి. భుజం, నడుము తిరుగుతుంటే వాటితో పాటు తల తిరగాలి. ఒక బుగ్గ నీటి దిండు మీద ఆనే ఉండాలి, ఒక కంటి అద్దం నీళ్లలో, ఒకటి బయట. నోట్లోకి నీళ్లు వస్తాయేమోనని భయం సహజం. ఇక్కడ నీరే మనకు సాయపడుతుంది. తల ముందు ఉబ్బిన అల వెనకే, సరిగ్గా నోటి పక్కన, చిన్న పల్లం ఏర్పడుతుంది. నోరు ఆ పల్లంలో తెరిస్తే చాలు. కదులుతున్న వాళ్లకే ఆ పల్లం దొరుకుతుంది కనుక మొదట్లో కొద్ది రోజులు నీళ్లు మింగక తప్పదు.

ఒక హెచ్చరిక. ఎక్కువసేపు ఊపిరి బిగబట్టే పందేలు వేయొద్దు. నీళ్లలో దిగేముందు గబగబా పది ఇరవై సార్లు గాలి పీల్చి వదిలితే బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయి మెదడు చేసే హెచ్చరిక ఆలస్యమవుతుంది, ఈలోగా ప్రాణవాయువు పడిపోయి నీటి అడుగునే స్పృహ తప్పుతుంది. ఈత బాగా వచ్చిన వాళ్లే దీనికి ఎక్కువగా బలవుతున్నారు. ఎంత లోతు తక్కువైనా, ఎంత ఈత వచ్చినా ఒంటరిగా ఈదొద్దు.

చేద తాడు పట్టు

బావిలోంచి నీళ్లు చేదేటప్పుడు ఏం చేస్తాం? చెయ్యి ముందుకు చాచి తాడు పట్టుకుంటాం. పట్టు కుదిరాక లాగుతాం. పట్టు కుదరకముందే లాగితే తాడు అరచేతిలో జారి చెయ్యి మండుతుంది తప్ప చేద పైకి రాదు. బార వేయడమూ అంతే. నీటిని మొదట పట్టుకోవాలి, ఆ తర్వాత లాగాలి. తేడా ఏమిటంటే చేదేటప్పుడు బిందె మన దగ్గరికొస్తుంది, ఈతలో మనమే మన చెయ్యి ఉన్న చోటికి వెళ్తాం.

పట్టు ఎలా? చెయ్యి ముందుకు చాచిన తర్వాత మోచెయ్యిని పైనే, నీటి ఉపరితలానికి దగ్గరగా ఉంచి, ముంజేతినీ అరచేతినీ మాత్రం కిందికి వంచాలి, పెద్ద పీపా మీద చెయ్యి వేసి కావలించుకున్నట్టు. అప్పుడు అరచెయ్యి ఒక్కటే కాదు, మోచెయ్యి దాకా ఉన్న ముంజెయ్యి అంతా ఒక తెడ్డు అవుతుంది. తెడ్డు వెడల్పైతే ఎక్కువ నీటిని నెమ్మదిగా వెనక్కి తోయొచ్చు. తెడ్డు చిన్నదైతే కొద్ది నీటినే విసురుగా తోయాలి. రెండింటివల్లా ఒకే నెట్టుడు పుట్టినా, విసురుగా తోసిన నీళ్లతో పాటు మన సత్తువ ఎక్కువగా కొట్టుకుపోతుంది. కొత్తవాళ్లు చెయ్యి కర్రలా నిటారుగా ఉంచి కిందికి కొడతారు. అలా కొడితే ఒళ్లు పైకి లేస్తుందే గానీ ముందుకు పోదు.

ముంజేతి పని తెలియాలంటే పిడికిలి బిగించి ఒక నిడివి ఈదండి. మొదట గాల్లో చెయ్యి ఊపినట్టు ఉంటుంది. నాలుగైదుసార్లు వెళ్లాక ముంజెయ్యి తనంతట తాను నీటిని వెతుక్కుంటుంది. అప్పుడు పిడికిలి విప్పండి, అరచెయ్యి చేటంత అయిందనిపిస్తుంది. వేళ్లు గట్టిగా దగ్గరికి నొక్కిపెట్టక్కర్లేదు. వాటి మధ్య కొద్దిపాటి సందు ఉన్నా నీరు అందులోంచి అంత సులువుగా దూరిపోదు. పైగా అలా ఉంచితే పట్టు రవ్వంత పెరుగుతుందని ప్రయోగాల్లో తేలింది. ముఖ్యంగా చెయ్యి అలసిపోదు.

బార పొడవు పెరగడానికి ఇంకో సంగతి భుజం. అటక మీది ఊరగాయ జాడీ అందుకోవాలంటే ఎదురుగా నిలబడి రెండు చేతులూ ఎత్తం. పక్కకు కాస్త తిరిగి ఒక భుజాన్ని పైకి సాగదీస్తాం, జానెడు దూరం కలిసొస్తుంది. ఈతలోనూ ఒక చెయ్యి ముందుకు వెళ్తున్నప్పుడు నడుము ఆ వైపుకు కొద్దిగా వాలాలి. అందుకున్న దూరం పెరుగుతుంది, నీటిని చీల్చే ముఖం సన్నబడుతుంది, లాగడంలో చేతికి వీపు కండ తోడవుతుంది. భుజం నొప్పి వస్తున్నవాళ్లు బొటనవేలు ముందు దిగేలా చెయ్యి మెలితిప్పుతున్నారేమో చూసుకోండి. వేళ్ల కొసలన్నీ ఒక్కసారిగా దిగాలి. చేతులకు తొడుక్కునే ప్లాస్టిక్ పలకలు మొదటి ఏడాది వద్దనే అంటాను, భుజం అంత భారానికి ఇంకా సిద్ధపడి ఉండదు.

కాళ్ల గురించి నాలుగు మాటలు చాలు. బార ఈతలో ముందుకు నెట్టే పనిలో ఎక్కువ వాటా చేతులదే. తొడలు పెద్ద కండరాలు, గట్టిగా ఆడిస్తే ప్రాణవాయువును తాగేస్తాయి. కాబట్టి కొత్తవాళ్లకు కాళ్లు నడుమును తేల్చి ఉంచితే అదే గొప్ప. సైకిలు తొక్కినట్టు మోకాళ్లు మడిస్తే తొడలు నీటికి అడ్డుపడతాయి. తన్ను తుంటి దగ్గర మొదలవ్వాలి, పాదం వదులుగా, చిన్నగా ఆడాలి. పాదాలు బిగుసుకుని కిందికి వేలాడితే అవి బ్రేకులే. ఎక్కువగా పరుగెత్తేవాళ్లకు చీలమండలు బిరుసుగా ఉంటాయి. రోజూ కాసేపు వజ్రాసనంలో కూర్చుంటే పాదం వెనక్కి సాగి చీలమండ వదులవుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం ఆ జోలికి పోవద్దు.

గడియారం, లెక్క, విరామం

ఇప్పుడు బారల లెక్కకు వద్దాం. 25 మీటర్లు ఈదుతూ రెండు చేతులవీ కలిపి ఎన్నిసార్లు చెయ్యి వేశారో లెక్కపెట్టండి. 36 అనుకుందాం. సమయం 40 సెకన్లు. రెండు చేతులూ ఒక్కోసారి వేస్తే మీరు కదిలింది మీటరున్నర కూడా లేదు, అంటే మీ బార పొడవు కంటే తక్కువ. చేతులు ఎంత త్వరగా ఆడుతున్నాయో అంతే త్వరగా ఆడిస్తూ, పైన చెప్పిన మార్పులతో 36 చేతుల్ని 30కి తెచ్చారనుకోండి. సమయం దానంతట అదే 33 సెకన్లకు వస్తుంది. రెండు చేతులకూ కలిపి కదిలిన దూరం దాదాపు మీ బారంత అయింది. నా దృష్టిలో కొత్త ఈతగాడు అందుకోవాల్సిన మొదటి మైలురాయి అదే. చెయ్యి ముందు చాచి ఊరికే తేలుతూ కూర్చుని లెక్క తగ్గించుకోవడం మాత్రం మోసం. అందుకే ఈతగాళ్లు సెకన్లనూ చేతుల లెక్కనూ కూడి ఒకే అంకె రాసుకుంటారు. 40కి 36 కలిపితే 76. 33కి 30 కలిపితే 63. ఈ మొత్తం తగ్గుతుంటే మీరు సరైన దారిలో ఉన్నట్టు.

సాధన ఎలా చేయాలన్నదాంట్లో చాలామంది పొరపాటు పడతారు. రోజూ ఆపకుండా అరగంట ఒకే తీరున ఈదుతారు. మొదటి 5 నిమిషాలు బార బాగుంటుంది, ఆ తర్వాత అలసటకు తల లేస్తుంది, మోచెయ్యి జారుతుంది, మిగతా 25 నిమిషాలూ తప్పు ఈతనే ఒంటికి నేర్పుతారు. పొలంలో మనుషులు ఎటు నడిస్తే అటే కాలిబాట పడుతుంది, అది దగ్గరి దారా దూరపు దారా అని నేలకు తెలియదు. నరాలూ అంతే, ఏ కదలికను ఎక్కువసార్లు చేస్తే దాన్నే అలవాటుగా తీసుకుంటాయి.

కాబట్టి విడతలుగా ఈదాలి. వారానికి 3 రోజులు, రోజుకు 40 నిమిషాలు చాలు. మొదటి 10 నిమిషాలు గోడను తన్ని బాణంలా జారడం, బుడగలు, పిడికిలి ఈత. తర్వాత 25 మీటర్లు 8 సార్లు, ప్రతిసారికీ మధ్య 30 సెకన్ల విరామం. తక్షణ ఖర్చు కోసం కండరం తన దగ్గర పెట్టుకున్న ఇంధనం కొద్ది సెకన్లకే సరిపోతుంది. విరామంలో అది ఇంటి పైన ట్యాంకులా మళ్లీ చాలావరకు నిండుతుంది. అందువల్ల ఎనిమిదోసారి కూడా మొదటిసారిలాగే బార వేయగలుగుతారు. ఎనిమిదో విడతలో చేతుల లెక్క మొదటిదానికంటే 3 దాటి పెరిగిందంటే ఆ రోజుకు చాలు, ఒడ్డెక్కండి. రెండు వారాలు గడిచాక విరామాన్ని 20 సెకన్లకూ, ఆ పైన 15కూ తగ్గించండి. తర్వాత 50 మీటర్లు 4 సార్లు.

ఇదంతా కుదిరాకే చేతుల జోరు పెంచాలి, సుమారు నెలన్నర తర్వాత. 25 మీటర్లు నాలుగుసార్లు, ఒక్కోసారి ముందటి కంటే కాస్త వేగంగా. లెక్క 30, 30, 31 అని వచ్చి నాలుగోసారి హఠాత్తుగా 36కు దూకిందనుకోండి, నీటిలో మీ పట్టు జారిపోయింది అక్కడే. ఆ మూడో విడత వేగమే ఆ వారానికి మీ వేగం. దాని దగ్గరే పది రోజులు పని చేస్తే హద్దు కొంచెం ముందుకు జరుగుతుంది. ఒక్కో వారం సెకను తగ్గొచ్చు, కొన్ని వారాలు ఏమీ తగ్గకపోవచ్చు. నిద్ర సరిగ్గా లేని వారం నాకు పెరుగుతుంది కూడా.

పక్క లైన్లో పెద్దాయన సంగతి చెప్పలేదు కదా. ఒకరోజు గోడ దగ్గర ఆగినప్పుడు అడిగాను, "మాస్టారూ, ఈ చివరి నుంచి ఆ చివరికి మీకు ఎన్ని చేతులు పడతాయి?" ఆయన కళ్లద్దాలు పైకి జరుపుకున్నారు. "18. జలుబు చేసిన రోజు 20" అన్నారు, అడిగితే ఎవరైనా చెప్పగల సంగతి అన్నట్టు. నేను తిరిగి ఈదుతూ మొదటిసారి నావి లెక్కపెట్టుకున్నాను. 34 వచ్చాయి. ఆయన అప్పటికే గోడను తన్ని, చేతులు జోడించి, నీటి కిందుగా సగం దూరం దగ్గరికి చేరుకుంటున్నారు.